కత్తా, ఫోనా, గ్లాసులో నీళ్లా? అడ్డుకోతలు నేర్చుకోవడానికి ఏది మేలు?

ఏడో తరగతి పిల్లల తల్లిదండ్రులూ, ఇంజనీరింగ్ ఫస్టియర్‌లో డ్రాయింగ్‌తో కుస్తీ పడే కుర్రాళ్లూ నన్ను అడిగేది ఒకటే: అడ్డుకోతలు (క్రాస్ సెక్షన్లు, అంటే వస్తువుని కోస్తే కోసిన చోట కనిపించే ఆకారాలు) బుర్రకెక్కడం లేదు, యాప్ ఏదైనా చెప్పండి, లేదంటే చెక్క మోడల్స్ సెట్ కొనమంటారా అని. మొన్న సెలవులకి మా అక్క కూతురు గుంటూరు నుంచి బెజవాడ వచ్చి ఇదే పాఠం ముందేసుకుని కూర్చుంది కాబట్టి అన్నీ ఒకేసారి చూసేశాం.

చెక్క సెట్ వద్దు. ఎక్కడ కోయాలో అక్కడ వాళ్లే కోసి పంపుతారు, ఇక మనకి ఆలోచించే పనేముంది?

ఫోన్‌లో జియోజీబ్రా త్రీడీ యాప్ మంచిదే, పైగా ఉచితం. ఘనం గుండా ఒక తలాన్ని పోనిచ్చి వేలితో వంచుతూ జరుపుతుంటే త్రిభుజం కాస్తా చతుర్భుజం, పంచభుజి, షడ్భుజి అవుతుంది. ఎంత జరిపినా సప్తభుజి మాత్రం రాదు, ఘనానికి ఉన్నవే ఆరు ముఖాలు, ఒక్కో ముఖం మీద కోత గీసే గీత ఒక్కటే కదా. పాప పది నిమిషాలు జరిపి "అర్థమైపోయింది మావయ్యా" అంది. ఫోన్ పక్కన పెట్టి గీయమంటే దిక్కులు చూసింది.

అప్పుడు పటమట రైతుబజారులో తెచ్చిన పెద్ద బంగాళాదుంపని 4 సెం.మీ. ఘనంగా చెక్కి చేతికిచ్చా. షరతు ఒక్కటే, కోత ఎలా వస్తుందో ముందు కాగితం మీద గీయాలి, ఆ తర్వాతే కత్తి. మూల తెగ్గొడితే త్రిభుజం అంది, సరిపోయింది. ఇంకో దుంప చెక్కి, ఎదురెదురు మూలలు రెండు వదిలేసి, వాటిని తాకని ఆరు అంచుల మధ్యలో గుండుసూదులు గుచ్చి, వాటి వెంట కోస్తే ఏమొస్తుందన్నా. చతురస్రం గీసింది. కోసి చూస్తే చక్కటి షడ్భుజి, స్కేలు పెడితే ప్రతి భుజం ఇంచుమించు 2.8 సెం.మీ. "ఒక అంచు మీద 2, పక్క అంచు మీద 2, ఇది కర్ణం కదా!" అని తనే పైథాగరస్‌ని లాక్కొచ్చింది.

నా లెక్కలో తేడా అంతా ఇక్కడే ఉంది. యాప్‌లో తప్పయితే వెనక్కి జరుపుకోవచ్చు, అందుకే ఎవరూ ముందు ఊహించరు. కోసిన దుంప మళ్లీ అతకదు, అందుకే కత్తి పెట్టేముందు ఆలోచించి తీరాలి.

డ్రాయింగ్ కుర్రాళ్లకీ ఇదే చెప్తా. ట్రూ షేప్ (కోసిన ముఖం అసలు ఆకారం) దగ్గర తికమక పడుతున్నారా, ఒక కీరా ముక్క నిలబెట్టి 45 డిగ్రీల ఏటవాలుగా కోయండి. నిట్టనిలువుగా పైనుంచి చూస్తే ఇంకా వృత్తమే, అదే టాప్ వ్యూ. చేతిలోకి తీసుకుని కోసిన ముఖాన్ని కంటికి ఎదురుగా తిప్పితే దీర్ఘవృత్తం. 4 సెం.మీ. లావు కీరా అయితే పొడవు 5.7 దాకా వస్తుంది, వెడల్పు మాత్రం అదే 4.

శంకువు దగ్గర మాత్రం కత్తి ఓడిపోతుంది, ఏ క్యారెట్టూ అంత తిన్నగా పెరగదు. శంకువుని ఒక పక్క నుంచి రెండో పక్కకి ఏటవాలుగా కోస్తే ఒకవైపు లావు కాబట్టి కోత కోడిగుడ్డులా వస్తుందని నేనే ఏళ్ల తరబడి అనుకున్నా. 1525లో జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ కూడా దాన్ని గుడ్డులాగే గీశాడట, కొంచెం ఊరట. యాప్‌లో తిప్పి చూస్తే రెండు కొసలూ ఒకేలా ఉన్న దీర్ఘవృత్తమే.

ఇక గ్లాసులో నీళ్లు, ఇక్కడ నీటి మట్టమే కోత. గ్లాసు వంచితే నీటి మట్టం కోడిగుడ్డు కాదు, అదీ దీర్ఘవృత్తమే. ఘనాకారపు ప్లాస్టిక్ డబ్బాలో సగానికి పసుపు నీళ్లు పోసి మూల మీద నిలబెడితే అదే షడ్భుజి కనిపిస్తుంది. చూడముచ్చటగా ఉంటుంది, టేబుల్ తడుస్తుంది, అంతే.

కోసేవాళ్లకి ఒక మాట, దుంప పచ్చిదే వాడండి, ఉడికించింది అంచు నిలవదు. కత్తి పల్చగా, పొడవుగా ఉండాలి, చిన్నపిల్లలైతే గీత వాళ్లది, కోత మీది. ఆ ముక్కలన్నీ సాయంత్రం వేపుడులోకి వెళ్లాయి, ఒక్కటీ సమంగా వేగలేదని మా అక్క ఇంకా దెప్పుతోంది.