సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజన్ అందుకోదు: పాత లారీతో పన్నెండేళ్లు

ఈ లారీని 2013లో చిత్తూరులో కొన్నాను. 2006 మోడల్, ఆరు చక్రాలు. అప్పటికే ఇద్దరి చేతులు మారింది. మామిడి సీజన్‌లో బంగారుపాళ్యం నుంచి గుజ్జు ఫ్యాక్టరీలకు తోతాపురి కాయ తోలతాను. తక్కిన రోజుల్లో బెల్లం, పలమనేరు వైపు కూరగాయలు. గేరుబాక్సు గురించి చెప్పేదేమీ లేదు, దాని పని అది చేసుకుపోతోంది. బాడీ తుప్పు మాత్రం ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ముందు కొంత డబ్బు తింటుంది. నన్ను నిజంగా ఏడిపించింది ఒక్కటే. తాళం తిప్పితే సెల్ఫ్ (ఇంజన్‌ను లేపే స్టార్టర్ మోటారు) గిర్రున తిరుగుతుంది, ఇంజన్ అందుకోదు.

మొదటిసారి 2016లో, బెల్లం లోడుతో మొగిలి ఘాట్ ఎక్కుతుంటే నిద్ర ఆగలేదు. రోడ్డు పక్కన ఆపి, చక్రాలకు రాళ్లు పెట్టి రెండు గంటలు పడుకున్నాం. లేచి సెల్ఫ్ కొడితే స్టార్ట్ కాలేదు. టెన్షన్‌లో కొట్టిందే కొట్టి బ్యాటరీలు రెండూ దించేశాను. పలమనేరు నుంచి వచ్చిన మెకానిక్ పానా పెట్టకముందే, "ఎయిర్ పట్టిందన్నా" అన్నాడు, అంటే డీజిల్ లైనులోకి గాలి చేరిందని. డీజిల్ ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు మీదుండే హ్యాండ్ ప్రైమర్ (చేత్తో కొట్టే చిన్న పంపు) కొట్టాడు. నురగ పోయి డీజిల్ ధారగా వచ్చాక స్క్రూ బిగించాడు. ఇంకో బ్యాటరీ జత నుంచి కరెంటు ఇస్తే రెండో సెల్ఫ్‌కే బండి లేచింది.

ఎయిర్ తీసేశాడు సరే, అది ఎక్కడి నుంచి వస్తోందో నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆ ఒక్క ప్రశ్న అడగనందుకు తర్వాతి ఏడాదంతా డబ్బు కట్టాను. చిత్తూరులో ఒక షెడ్డులో ముందు బ్యాటరీలు మార్చారు, తర్వాత సెల్ఫ్ విప్పారు, చివరికి సిలిండర్లకు డీజిల్ కొలిచి పంపే పెద్ద డీజిల్ పంపు దించి కాలిబ్రేషన్‌కు (కొలత సరిచేయడానికి) పంపారు. నెల తిరక్కుండా అదే కథ.

అప్పుడు కూర్చుని నేనే లెక్క వేసుకున్నాను. డీజిల్ ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్గు లేదు. పిస్టన్ గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. ఇంజన్ తగినంత వేగంగా తిరగాలి, డీజిల్ అందాలి, కంప్రెషన్ (గాలిని నొక్కే ఆ బలం) ఉండాలి. సెల్ఫ్ జోరుగా తిప్పుతోందంటే మొదటిది బాగున్నట్టే. అనుమానం ఉంటే సెల్ఫ్ కొడుతుండగా మీటర్ పెట్టి చూడండి. ఒక్కో 12 వోల్టుల బ్యాటరీ 9.6 కిందికి పోతే తప్పు అక్కడే ఉందనుకోవచ్చు. పోకపోతే బ్యాటరీ జోలికి వెళ్లొద్దు.

రెండోది తేల్చడానికి పైసా ఖర్చు లేదు. సెల్ఫ్ కొడుతుండగా ఒక మనిషిని సైలెన్సర్ దగ్గర నిలబెట్టండి. పొగ అసలు రాకపోతే సిలిండర్లకు డీజిల్ చేరడం లేదు. తెల్ల పొగ వస్తుంటే డీజిల్ చేరుతోంది, మండడం లేదు. నా బండికి పొగే లేదు.

ఇక్కడే నేను మోసపోయాను. డీజిల్ ఎక్కడా కారడం లేదు కదా, లైను బాగుందనుకున్నాను. కానీ ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా డీజిల్‌ను ఆ పంపే పీల్చుకుంటుంది. పీల్చే చోట చిన్న పగులుంటే డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. బండి ముక్కు ఎత్తులో ఉండేలా వాలులో ఆపితే ఇంజన్ పైన, ట్యాంకు కింద. లైనులోని డీజిల్ మెల్లగా ట్యాంకులోకి జారిపోతుంది. ఘాట్‌లోనే ఎందుకు మొరాయించిందో, సాపు నేల మీద ఎందుకు మాట వినిందో అప్పటికి గాని నా బుర్రకు ఎక్కలేదు.

ఫీడ్ పంపుకు ముందు రెండడుగుల ట్రాన్స్‌పరెంట్ ట్యూబు పెట్టాను. ఇంజన్ నడుస్తుంటే అందులో బుడగలు వరసగా పోతున్నాయి! తర్వాత అయిదు లీటర్ల క్యాన్‌లో శుభ్రమైన డీజిల్ పోసి కేబిన్ మెట్టు మీద పెట్టి, ట్యూబును నేరుగా పంపుకు కలిపాను. బుడగలు ఆగాయి. అంటే తప్పు ట్యాంకుకూ పంపుకూ మధ్యే. ఛాసిస్‌కు రాసుకుని అరిగిన రబ్బరు హోసులో వెంట్రుకవాసి చీలిక కనిపించింది. హోసు, రెండు క్లిప్పులు, కొత్త రాగి వాషర్లు అన్నీ కలిపి వెయ్యి రూపాయలు కూడా కాలేదు. అంతకుముందు పెద్ద పంపు దించినందుకు మాత్రం పద్దెనిమిది వేలు పోశాను.

ఇంకో ముచ్చట కూడా చెప్పాలి. ఒకసారి తిరుపతిలో సరుకు దించి బయల్దేరబోతే మళ్లీ అదే జబ్బు. గంటసేపు ఫిల్టర్లు విప్పి బిగించాను. చూస్తే ఇంజన్ ఆపే స్టాపర్ వైరు స్ప్రింగు తెగి, పంపు లివర్ ఆఫ్‌లోనే ఉండిపోయింది. లాగిన నాబ్ వెనక్కి పోకపోతే డీజిల్ ఎక్కడి నుంచి వస్తుంది? మా క్లీనర్ ఇప్పటికీ నవ్వుతాడు. అందుకే ఇప్పుడు మొదట చూసేది ఆ లివర్‌నే.

నవంబర్ తుపాను వానల్లో ట్యాంకు మూత దగ్గర నీళ్లు దిగుతాయి. నెలకోసారి డీజిల్ ఫిల్టర్ అడుగు స్క్రూ వదిలి నీళ్లు వంచేయడం అలవాటు చేసుకున్నాను. సెల్ఫ్ పది పదిహేను సెకన్లకు మించి కొట్టను. మధ్యలో కనీసం నిమిషం ఆపుతాను, లేకపోతే మోటారు కాలుతుంది. బండి లేవడానికి గాలి ఫిల్టర్ దగ్గర స్టార్టింగ్ స్ప్రే (ఇట్టే అంటుకునే మందు) కొట్టే సలహా ఎవరిచ్చినా వినకండి. తెలిసినవాళ్ల బండికి అలాగే పిస్టన్ రింగులు పోయాయి.

డిసెంబర్‌లో పలమనేరులో తెల్లవారుజామున నా బండి తెల్ల పొగ వదులుతూ నాలుగైదు సెల్ఫులు తింటుంది. ఎండెక్కితే మామూలే. సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు టెస్ట్ చేయించాలి, కంప్రెషన్ చూపించాలి. ఈ ఏడు మామిడి అయ్యాక ఆ పనే.

పాత బండి కొంటున్నవాళ్లు నన్ను అడిగితే కొనమనే చెబుతాను. ఈ రకం పంపులో కంప్యూటర్ లేదు, పానాలు తెలిసినవాడు రోడ్డు మీదే బాగు చేసుకోగలడు. బేరానికి వెళ్లేటప్పుడు మాత్రం బండిని ముక్కు పైకి ఉండేలా వాలులో రాత్రంతా ఆపించి, పొద్దున మీరే సెల్ఫ్ కొట్టండి. ఓనరు ఒప్పుకోకపోతే ఇంకో బండి చూసుకోండి.