కంటెండర్ .357: గురికి ఢోకా లేదు, బ్యారెల్ చూసి కొనండి

1967లో ఒక్కో తూటా పెట్టి పేల్చే పిస్టల్‌గా వచ్చిన థాంప్సన్ సెంటర్ కంటెండర్‌కి పొడుగు బ్యారెల్ (అమెరికాలో 16 అంగుళాలకు తగ్గకూడదు), భుజానికి ఆనే స్టాక్ వేస్తే .357 మాగ్నమ్ తూటాతో ఎంత హాయిగా పేలుతుందో! తన్ను తక్కువ, గురి గట్టి.

.38 స్పెషల్ తూటా కూడా ఇందులో పేలుతుంది కానీ దాని కేసు (బుల్లెట్‌ని పట్టి ఉంచే లోహపు గొట్టం) పొట్టిది, బుల్లెట్ రైఫ్లింగ్‌ని (బ్యారెల్ లోపలి మెలికల గాడుల్ని) అందుకునేలోపు కాస్త దూకాలి, అందుకే గురి కొంచెం చెదరొచ్చు, పైగా చాంబర్లో (తూటా కూర్చునే చోట) మసి రింగులా పేరుకుంటుంది, తుడవకపోతే తర్వాత మాగ్నమ్ తూటా బిగుసుకుంటుంది.

బ్యారెల్ మార్చడం సులువే, ముందుచెక్క విప్పి, బ్యారెల్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే హింజ్ పిన్ తోస్తే చాలు. పాత కంటెండర్ బ్యారెళ్లు దాదాపు అన్నీ తర్వాత వచ్చిన జీ2 కంటెండర్ ఫ్రేమ్‌కి పడతాయి, అదే కంపెనీ మరో తుపాకీ ఎన్‌కోర్‌వి అస్సలు పట్టవు. ఇలాంటిదే మరో ఒంటి తూటా తుపాకీ హ్యాండీ రైఫిల్‌కైతే బ్యారెల్‌ని ఫ్రేమ్‌కి విడిగా ఫిట్ చేయించాలి, అది నాకు టెన్షనే. నా ఓటు కంటెండర్‌కే.