సెకండ్ హ్యాండ్ మ్యాచ్ ఎయిర్ రైఫిల్ కొనేవాళ్లు జాగ్రత్త: ముందు సిలిండర్ మీద స్టిక్కర్ పీకండి

వైజాగ్‌లో టెన్ మీటర్ ఎయిర్ రైఫిల్ పోటీలకి కొట్టేవాళ్లలో, పాత గన్‌లు అమ్మే ఈ మనిషి తెలియనివాళ్లు తక్కువ. పేరు రాయను. రాయకపోయినా సగం మందికి ఈపాటికే అర్థమైపోయి ఉంటుంది. "ఫుల్ సర్వీస్, అప్‌గ్రేడెడ్ రెగ్యులేటర్, ఫిల్లింగ్ కిట్ ఫ్రీ" అని పెడుతుంటాడే, ఆయనే. (రెగ్యులేటరంటే సిలిండర్ గాలి ఒత్తిడిని తగ్గించి ప్రతి షాట్‌కీ ఒకేలా ఇచ్చే భాగం.) జర్మన్ మ్యాచ్ రైఫిల్, దానికి గాలి నింపి బిగించే సిలిండర్, హ్యాండ్ పంపు, అడాప్టర్ అన్నీ కలిపి లక్షా ముప్పై వేలకి నాకు అమ్మాడు. బేరం, అడ్వాన్సు, ఆ గోలంతా వదిలేయండి.

సిలిండర్ మెడ దగ్గర నీలం స్టిక్కర్ ఒకటి ఉంది, "సర్వీస్డ్ ఓకే" అని. ఓ మూల కాస్త లేచి ఉంది. గోరు పెట్టి లాగితే జిగురుతో సహా ఊడొచ్చింది. దాని కింద తయారీ తేదీ ముద్ర: 09/2009. ముద్ర మీద ఎమరీ పేపర్‌తో రుద్దిన గీతలు అడ్డంగా ఉన్నాయి. 2009లో రెండు సున్నాలూ సగం అరిగాయి గానీ 9 మాత్రం చెక్కుచెదరలేదు. అంటే ఆయనకి తెలియక కాదు. చెరపాలని చూశాడు, చెరగలేదు, పైన స్టిక్కర్ అంటించాడు.

ఫోన్ చేస్తే ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "తేదీ చూడ్డానికి ఇదేటి బాబూ, పాల ప్యాకెట్టా? లోపల ఉన్నది గాలే కదా!"

పాలు విరిగితే ఆ పూట టీ పోతుంది గురువుగారూ, అంతే. ఇందులో గాలి నింపేది 200 బార్ పీడనానికి. అంటే లోపలి గోడలో ప్రతి చదరపు సెంటీమీటరు మీదా 200 కిలోల పైచిలుకు ఒత్తిడి. ఆ సిలిండర్ ఉండేది బ్యారెల్ కింద. ఎడమచెయ్యి దాని వెనకే ఆనుతుంది, మొహం కూడా ఎంతో దూరంలో ఉండదు. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య (ఐఎస్ఎస్ఎఫ్) నియమం కూడా సూటిగానే ఉంది: ఎయిర్ సిలిండర్ గడువులో ఉందో లేదో చూసుకోవాల్సింది షూటరే, గరిష్ఠంగా పదేళ్లు. 09/2009 అంటే 09/2019తో దాని పని అయిపోయింది. "బయటికి బాగానే ఉంది కదా" అనేది లెక్కలోకి రాదు, ఎందుకంటే తుప్పు తినేసేది లోపలి నుంచి.

ముద్ర చదవడం కూడా చాలామందికి రాదు, అమ్మేవాళ్లకి అదే బలం. తయారైన నెల, సంవత్సరం ఒకచోట ఉంటాయి. పీఎస్ లేదా పీడబ్ల్యూ పక్కన ఉండేది పని చేసే పీడనం, ఎక్కువగా 200. పీటీ పక్కన ఉండేది ఫ్యాక్టరీలో పరీక్షించిన పీడనం, 300 దాకా ఉంటుంది. ఈ 300 చూసి "అన్నా, ఇది 300 బార్ సిలిండర్" అని అమ్మేవాళ్లు ఉన్నారు, నమ్మి 250 ఎక్కించేవాళ్లూ ఉన్నారు. మన ఊళ్లో ఇంకోటి. ఏసీ షూటింగ్ రేంజిలో 20 డిగ్రీల దగ్గర 200 నింపి, ఎండలో ఆపిన కారు డిక్కీలో పడేశారనుకోండి, లోపల 60 డిగ్రీలకి చేరితే ఆ 200 కాస్తా 227 దాటుతుంది. పదేళ్లు దాటిన సిలిండర్‌తో ఈ లెక్క మీరే వేసుకోండి.

"మరి దీన్ని ఎక్కడ నింపించారు?" అని అడిగా. జవాబు గర్వంగా వచ్చింది: "మెడికల్ ఆక్సిజన్ అండీ, బయటి గాలి కంటే ప్యూర్." ఇది విన్నాక స్టిక్కర్ సంగతే చిన్నదనిపించింది. ఎక్కువ పీడనంలో ఆక్సిజన్‌కి నూనె, గ్రీజు తగిలితే నిప్పు అక్కర్లేదు. వాల్వు వేగంగా తిప్పినప్పుడు పుట్టే వేడి చాలు అంటుకోవడానికి. ఆయన రెగ్యులేటర్‌కి పూసింది మామూలు పెట్రోలియం గ్రీజు. బోల్టుని కుట్టుమిషన్ నూనెతో తడిపి పెట్టాడు, వాసన గుప్పుమంటోంది. అంటే ఇంతకాలం ఏమీ కాకపోవడం ఆయన అదృష్టం, సర్వీసు గొప్పతనం కాదు. మ్యాచ్ గన్‌లోకి ఎక్కాల్సింది పీల్చడానికి పనికొచ్చేంత శుభ్రమైన, పొడి గాలి మాత్రమే. సముద్రంలో డైవింగ్ చేసే స్కూబావాళ్ల ట్యాంకులోది అదే. ఆక్సిజన్ ఎక్కించిన సిలిండర్ చేతికొస్తే గన్‌కి బిగించకండి, షాట్లు కొట్టి ఖాళీ చేద్దామని అసలే చూడకండి. తయారీదారు ఇచ్చే ఎయిర్ రిలీజ్ స్క్రూతో, ఆరుబయట, నిప్పుకీ నూనెకీ దూరంగా, మెల్లగా వదలాలి.

అలా వదిలేటప్పుడు వాల్వు కిందికి ఉండేలా పట్టుకుని ఎదురుగా తెల్ల కాగితం పెట్టి చూడండి. పొగమంచు లాంటిది వస్తే కంగారు పడక్కర్లేదు, గాలి ఒక్కసారి వ్యాకోచిస్తే చల్లబడుతుంది. కాగితం మీద ఏం మిగిలిందో చూడాలి. దీనికి మిగిలింది ఇటుకరంగు చుక్కలు. స్టీలు సిలిండర్ లోపల తుప్పు పట్టిందనడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి.

తుప్పు ఎక్కడిదంటే, ఫ్రీగా ఇచ్చిన ఆ పంపు నుంచే. దానికి డ్రై ఫిల్టర్ లేదు, తేమ పీల్చే సిలికా జెల్ ఉండాల్సిన గొట్టం ఖాళీ. మన సముద్రపు గాలి సంగతి లెక్క వేసి చూడండి. 30 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్న రోజున ఘనమీటరు గాలిలో దాదాపు 23 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. పావు లీటరు సిలిండర్‌ని 200 బార్‌కి నింపాలంటే బయటి గాలి 50 లీటర్లు కావాలి. అంటే ఒక్కో ఫుల్ ఫిల్‌తో గ్రాము పైనే నీరు పంపులోకి వెళుతుంది. కొంత పంపులోనే ఆగుతుంది, మిగిలింది సిలిండర్‌లోకి పోతుంది. హ్యాండ్ పంపే గతి అనుకుంటే ఫిల్టర్ తప్పనిసరి, జెల్ రంగు మారగానే మార్చాలి. యాభై అరవై స్ట్రోకులు కొట్టాక ఆపి, బ్లీడ్ స్క్రూ విప్పి నీరు వదిలి, పంపు అడుగుభాగం చల్లబడ్డాక మళ్లీ మొదలుపెట్టాలి. ఏకబిగిన కొడితే సీల్సు కాలతాయి, గాలి వేడెక్కి తేమ అంతా ఆవిరిగానే లోపలికి పోతుంది. నా మటుకు నేను ఋషికొండ వైపు స్కూబా ట్యాంకు గాలే మేలంటాను. కాకపోతే ట్యాంకు మీద టెస్టు తేదీ కూడా చూడాలి, వాల్వు మెల్లగా తిప్పాలి, 300 బార్ ట్యాంకయితే గేజ్ మీద నుంచి కన్ను తీయకూడదు.

అడాప్టర్ ఇంకో కళాఖండం. థ్రెడ్ చుట్టూ టెఫ్లాన్ టేపు దట్టంగా చుట్టి ఇచ్చాడు, ప్లంబింగ్ పైపులా. ఈ జాయింట్లలో గాలిని ఆపేది ఓ-రింగు అనే రబ్బరు వలయం, థ్రెడ్ కాదు. టేపు చుట్టాల్సి వచ్చిందంటే ఓ-రింగు పోయి ఉండాలి, లేదా అడాప్టర్ ఆ సిలిండర్‌ది కాకపోయి ఉండాలి. కంపెనీకో రకం థ్రెడ్ ఉంటుంది, కొన్ని రెండు మూడు చుట్లు పట్టి సరిపోయినట్టే కనిపిస్తాయి. ఆ పట్టుని నమ్మి 200 బార్ వదిలితే అడాప్టర్ బుల్లెట్‌లా లేస్తుంది. ఇక టేపు ముక్కలు తెగి లోపలికి పోతే ఎక్కడ తేలతాయో తెలుసుగా, రెగ్యులేటర్ సీటు మీద, అంటే గాలిని మూసే అంచు మీద.

ఇప్పుడు ఆ గొప్ప "అప్‌గ్రేడ్" సంగతి. మ్యాచ్ రైఫిల్ 0.53 గ్రాముల పెల్లెట్‌ని (సీసపు గుండుని) 170 నుంచి 175 మీటర్లు పర్ సెకండ్‌లో కొడుతుంది, శక్తి 8 జౌల్స్ అటూఇటూగా. పది మీటర్ల కాగితానికి అంతకు మించి అక్కర్లేదు. ఈయన స్క్రూ బిగించి "స్పీడ్ పెంచాను" అంటాడు. పెంచితే వచ్చేది గాలి ఖర్చు, ఎక్కువ కుదుపు, అంతే. పెల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ పెట్టి చూస్తే వరసగా కొట్టినప్పుడు 174 దగ్గర బుద్ధిగా నిలబడింది. పది నిమిషాలు వదిలేసి కొడితే మొదటి షాట్ 183. రెండోది మళ్లీ 174. దీన్నే రెగ్యులేటర్ క్రీప్ అంటారు. సీటు పూర్తిగా మూసుకోక గాలి సన్నగా దాటుతూ ఉంటుంది, ఆగి ఉన్నంతసేపూ లోపలి పీడనం పెరుగుతుంది.

సెకండ్‌కి 9 మీటర్ల వేగం తేడాకే ఏమవుతుందిలే అనకండి. పది మీటర్లకి పెల్లెట్ పడే ఎత్తులో ఒకటిన్నర మిల్లీమీటర్ల తేడా వస్తుంది. ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో రింగుకీ రింగుకీ మధ్య దూరం 2.5 మిల్లీమీటర్లు, అంటే పాయింట్‌లో పదోవంతుకి 0.25. లెక్క వేస్తే ఆరు పదోవంతులు, 10.9 పడాల్సింది 10.3 పడుతుంది. కోచ్ ఏమో ట్రిగ్గర్ లాగేస్తున్నావని తిడతాడు, పిల్లాడేమో సైటు తిప్పుతూ కూర్చుంటాడు.

రెగ్యులేటర్ విప్పించి చూస్తే డిస్క్ స్ప్రింగుల్లో రెండు తిరగేసి పేర్చి ఉన్నాయి. ఒక ఓ-రింగు ఆటోనగర్‌లో హైడ్రాలిక్ సీల్స్ షాపు సరుకు. అక్కడి సరుకు చెడ్డదని కాదు. కొలత సరిపోయింది కదా అని పెట్టేస్తారు, గట్టితనం చూడరు. రబ్బరు గట్టితనం కొలిచే లెక్కలో 90 షోర్ ఉండాల్సిన చోట 70 పెడితే మెత్తటి రబ్బరు ఒత్తిడికి సందులోకి పిండుకుపోయి అంచు తెగుతుంది. అదే జరిగింది. సీటు మీద సన్నటి గాటు, దాంట్లో తెల్లటి టేపు పోగు.

లీకు ఎక్కడో పట్టుకోవడానికి పెద్ద విద్యేం అక్కర్లేదు. నింపాక గంటసేపు చల్లబడనివ్వండి, పది బార్ దాకా తగ్గడం మామూలే. తర్వాత సిలిండర్ విప్పి ఓ రాత్రి విడిగా ఉంచండి, మర్నాటి రాత్రి గన్‌కి బిగించి ఉంచండి. విడిగా ఉన్నప్పుడు తగ్గితే సిలిండర్ వాల్వు, బిగించినప్పుడే తగ్గితే తప్పు గన్ వైపు. గన్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, బ్యారెల్ మూతికి సబ్బునీటి పొర పెడితే బుడగ ఉబ్బిందంటే ఫైరింగ్ వాల్వు. గది 30 నుంచి 20 డిగ్రీలకి చల్లబడితే ఏడు బార్ దానంతటదే తగ్గుతుంది, దాన్ని లీకనుకుని గన్ విప్పేయకండి.

పెల్లెట్ల డబ్బాల గురించి ఒక్క మాట. 4.50 హెడ్ (తల వ్యాసం, మిల్లీమీటర్లలో) అని రాసి ఉన్న డబ్బా మూత తీస్తే సగం పెల్లెట్లకి తెల్లటి బూజు లాంటి పొర, సైజులు కలగాపులగం. ఎంత ఫ్రీ అయినా అవి బ్యారెల్‌లో పెట్టేవి కావు.

బిల్లు అడిగితే "దీనికి లైసెన్సే అక్కర్లేదు, బిల్లు దేనికి" అంటాడు. 2016 ఆయుధ నియమాల ప్రకారం బోరు (బ్యారెల్ రంధ్రం వ్యాసం) 0.177 అంగుళాలు, శక్తి 20 జౌల్స్ మించని ఎయిర్ గన్‌కి లైసెన్స్ అక్కర్లేని మాట నిజమే. ఆ మాటకీ సీరియల్ నంబరుతో రసీదు ఇవ్వకపోవడానికీ సంబంధం ఏమిటో ఆయన్నే అడగాలి.

డబ్బు వెనక్కి ఇమ్మంటే "వాడిన వస్తువు తీసుకోం". కాసేపాగి మెత్తగా ఇంకో మాట: "కావాలంటే ఆ సిలిండర్ ఒక్కటీ పంపించెయ్యండి, ఐదు వేలు ఇస్తాను." గడువు తీరి, లోపల తుప్పు పట్టిన సిలిండర్‌కి ఎవరైనా ఐదు వేలు ఎందుకిస్తారు? ఇంకో నీలం స్టిక్కర్ వేసి ఇంకొకరికి అంటగట్టడానికి కాకపోతే! ఇవ్వలేదు, ఇవ్వను. ఖాళీ చేసి, ఎవరూ మళ్లీ నింపలేకుండా కోయిస్తాను.

కొనేవాళ్లకి చెప్పేది ఇంతే. స్టాకు పాలిష్ చూసి మురిసిపోయే అలవాటు మనవాళ్లకి బాగా ఉంది, అది పక్కన పెట్టండి. బ్యారెల్ అంత తొందరగా పోదు, పోయేవి సిలిండర్, రెగ్యులేటరే. గడువు తీరిన సిలిండర్ ఉంటే కొత్తదాని ధర పూర్తిగా తగ్గించి మాట్లాడండి. క్రోనోగ్రాఫ్ మీ ఎదురుగా పెట్టించండి, గన్ పది నిమిషాలు ఆగాక కొట్టిన మొదటి షాటే చూడండి.

ఈ వారం ఆయన ఎయిర్ పిస్టల్ ఒకటి అమ్మకానికి పెట్టాడు, "ఫుల్ సర్వీస్" అనే. సిలిండర్ ముద్ర దగ్గరగా ఫోటో తీసి పంపమని అడగండి. "కెమెరాలో సరిగ్గా పడట్లేదు బాబూ" అంటాడు. నాకూ అదే చెప్పాడు.