సెకండ్ హ్యాండ్ ఐఫోన్ కొంటున్నారా? లోపల ఎవరి ఐడీ ఉందో చూసుకోండి

అబిడ్స్ దగ్గర సందుల్లో పాత ఐఫోన్లు కొనే ఆలోచన ఉన్నవాళ్ళు ఇది చదివి బయలుదేరండి. షాపు పేరు రాయను. రాసినా లాభం లేదు, పక్క షాపులోనూ ఇదే పని నా కళ్ళముందే చేస్తున్నారు.

దసరాకి ముందు మూడు కొన్నాం. నాకొక ఐఫోన్, మా అత్తయ్యకొకటి, బాబు ట్యూషన్‌కి ఐప్యాడ్. మొత్తం 74 వేలు. బ్యాటరీ హెల్త్ 87 చూపించాడు, స్క్రీన్ మీద గీత కూడా లేదు. ఆపిల్ ఐడీ, అంటే యాప్‌లు, కాంటాక్ట్స్, ఫోన్ తాళం అన్నీ ముడిపడి ఉండే ఖాతా, అది పెట్టే దగ్గరికి వచ్చేసరికి షాపు కుర్రాడు, "మీకెందుకు మేడమ్ ఇంత టెన్షన్, మూడింట్లో ఒకే ఐడీ వేసేస్తా. ఒకదాంట్లో యాప్ వేస్తే అన్నింట్లోకీ వచ్చేస్తది" అన్నాడు. ఆ ఐడీ ఎవరిదని నేను అడగలేదు. మధ్యాహ్నం మూడైంది, భోజనాలు కాలేదు, బాబు ఒకటే గొడవ. సరే కానీ అన్నాను. బిల్లు అంటే ఒక చిట్టీ మీద మొత్తం రాసి స్టాంపు కొట్టాడు, దాని మీద ఐఎంఈఐ నంబరు (ఒక్కో ఫోన్‌కి ఒక్కోటి ఉండే గుర్తింపు నంబరు) లేదు.

ఇంటికొచ్చాక మొదలైంది. ఫేస్‌టైమ్ (ఆపిల్ వాళ్ళ వీడియో కాల్) వస్తే వంటింట్లో ఒకటి, పూజగదిలో ఒకటి, హాల్లో ఒకటి, మూడూ ఒకేసారి మోగేవి. మామూలు కాల్స్ కూడా అంతే. ఒకరోజు పొద్దున ఖమ్మం నుంచి అత్తయ్య చెల్లెలు ఫోన్ చేస్తే, అది ఆన్‌లైన్ క్లాసులో ఉన్న మావాడి ఐప్యాడ్‌లో మోగింది. వాడు పచ్చ బటన్ నొక్కి, "నానమ్మ పూజలో ఉంది, నాకు క్లాసుంది" అని పెట్టేశాడు. హారతి పళ్ళెం చేతిలో పట్టుకుని అత్తయ్య బయటికొచ్చేసరికి ఫోన్ మోగడం ఆగిపోయింది. "నా ఫోన్ వాడెట్లా ఎత్తాడే?" అని ఆవిడ అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఖమ్మంలో ఆవిడ మాత్రం వారం రోజులు మాట్లాడలేదు.

నిజానికి ఇది ఫోన్ లోపం కాదు. 2014లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 8తో వచ్చిన సౌకర్యం. ఫోన్ లోపలి గదిలో ఛార్జింగ్‌లో ఉన్నా, అదే వైఫై మీద, అదే ఐడీతో ఉన్న ట్యాబ్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో కాల్ ఎత్తొచ్చు. ఒక్కరే వాడుకుంటే హాయిగా ఉంటుంది. కానీ ఆపిల్ లెక్కలో ఒక ఐడీ అంటే ఒక మనిషి. మేం ముగ్గురం దానికి ఒకే మనిషిలా కనిపించాం.

సెట్టింగ్స్‌లో ఫోన్‌లోకి వెళ్ళి 'కాల్స్ ఆన్ అదర్ డివైసెస్' ఆపేశాను. నా బ్యాంకు ఓటీపీలు మావాడి ఐప్యాడ్ మీద, వాడి ఫ్రెండ్స్ ముందు వచ్చి పడుతున్నాయి కాబట్టి మెసేజెస్‌లో 'టెక్స్ట్ మెసేజ్ ఫార్వర్డింగ్' కూడా ఆపేశాను. కొత్త వెర్షన్లలో ఫోన్, మెసేజెస్ రెండూ 'యాప్స్' కింద ఉంటాయి. అంతటితో గొడవ తీరిందనుకున్నాను.

రెండు రోజులకి మా ఆయన అత్తయ్య ఫోన్ చేతిలో పట్టుకుని, మొహం అదోలా పెట్టుకుని వచ్చారు. రీసెంట్స్‌లో రాత్రి 11:40కి ఎవరికో కాల్, 22 నిమిషాలు. అత్తయ్య తొమ్మిదింటికే పడుకుంటారు. నా ఫోన్ తీసి చూస్తే అందులోనూ అదే కాల్. కాంటాక్ట్స్ తెరిస్తే 'గ్యాస్ అన్న', 'టైల్స్ కూకట్‌పల్లి', 'ఓనర్ ఆంటీ'... వీళ్ళెవరూ మాకు తెలీదు. అప్పుడు సెట్టింగ్స్‌లో అన్నిటికంటే పైన ఉండే పేరు నొక్కి కిందికి జరిపాను. ఆ ఐడీతో నడుస్తున్న పరికరాల జాబితా అక్కడుంటుంది. ఏడున్నాయి. మావి మూడు.

అంటే ఆ కుర్రాడు షాపు ఐడీనే వచ్చినవాళ్ళందరికీ వేసి పంపిస్తున్నాడు. వాళ్ళ కాల్స్ లిస్టు మాకు కనపడుతోందంటే మాది వాళ్ళకీ కనపడుతున్నట్టే. ఆపిల్ ఆన్‌లైన్ నిల్వ ఐక్లౌడ్‌లో మెసేజెస్ ఆన్‌లో ఉంటే మెసేజ్‌లు కూడా అన్ని ఫోన్లకీ చేరే వీలుంది. మాది ఆన్‌లోనే ఉంది. ఆ రాత్రే బ్యాంకు పాస్‌వర్డులన్నీ మార్చుకున్నాం.

అసలు భయం ఇంకోటి. ఐడీ పాస్‌వర్డ్ ఎవరి చేతిలో ఉంటే ఫోన్ వాళ్ళదే. 'ఫైండ్ మై'లో మీరెక్కడున్నారో చూడొచ్చు, కూర్చున్న చోటి నుంచే ఫోన్ చెరిపేయొచ్చు. 2013 నుంచి యాక్టివేషన్ లాక్ ఉంది కాబట్టి మీరు మొత్తం రీసెట్ కొట్టినా మళ్ళీ ఆ ఐడీ పాస్‌వర్డే అడుగుతుంది. 74 వేలు పోసి కొన్నవి మావి కావన్నమాట.

మర్నాడు షాపుకి వెళ్తే, "ఐడీ తీయాలంటే ఒక్కోదానికి 1,500 అవుతది మేడమ్, సర్వీస్ ఛార్జ్" అన్నాడు. తాళం వాడే వేసి, తీయడానికి డబ్బులు! మా ఆయన గొంతు పెంచకుండా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి అక్కడే ఫోన్ కలిపారు. అవతల రింగ్ అవుతుండగానే లోపలున్న ఓనరు లేచొచ్చి, "కూర్చోండి సార్, చాయ్ చెప్పమంటారా" అన్నాడు. ఏటీఎంలో పిన్ కొట్టినట్టు ఎడమచేయి అడ్డం పెట్టుకుని మూడింట్లోనూ పాస్‌వర్డ్ కొట్టి సైన్ అవుట్ చేశాడు. మిగతా నాలుగు ఫోన్లవాళ్ళ సంగతేంటని అడిగాను. పలకలేదు.

మీరు కొనేటప్పుడు ఫోన్ 'హలో' స్క్రీన్‌తో మొదలవ్వాలి. 'లాక్డ్ టు ఓనర్' అని కనిపిస్తే ఎంత చవకైనా వద్దు. ఐడీ మీ నంబరుతో, మీ చేత్తో, షాపులోనే చేసుకోండి, పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు కుర్రాణ్ణి అటు తిరగమనండి. ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో ఐడీ ఉండాలి. కొన్న యాప్‌లు పంచుకోవాలంటే ఫ్యామిలీ షేరింగ్ ఉంది, ఆరుగురి దాకా చేరొచ్చు. *#06# కొడితే వచ్చే ఐఎంఈఐ నంబర్ని బిల్లు మీద రాయించుకోండి. కేవైఎం అని ఇంగ్లీషులో కొట్టి, ఖాళీ వదిలి ఆ నంబరు రాసి 14422కి మెసేజ్ పంపితే ఫోన్ వివరాలు వస్తాయి. ఆండ్రాయిడ్ వాళ్ళూ నిశ్చింతగా ఉండకండి, షాపువాడి జీమెయిల్ ఉన్న ఫోన్‌కీ ఇదే కథ.

సైన్ అవుట్ అయ్యేటప్పుడు కాంటాక్ట్స్ ఫోన్‌లోనే ఉంచమంటారా అని అడిగితే ఉంచమన్నాం, లేకపోతే అత్తయ్య నంబర్లన్నీ పోతాయి. దాంతో ఊళ్ళోవాళ్ళవీ ఉండిపోయాయి. రోజూ సాయంత్రం సీరియల్ మధ్యలో యాడ్స్ వచ్చినప్పుడల్లా ఆవిడ ఓ పదిమందిని తీసేస్తున్నారు. 'గ్యాస్ అన్న'ని మాత్రం ఉంచారు, ఎప్పుడైనా పనికొస్తాడట.