మధ్యలో మానేసి మళ్లీ ఆడేవాళ్లకి ఏ ఎంఎంఓ మేలు?

ఆరు నెలలు ఆట పక్కన పెట్టి మళ్లీ లాగిన్ అయినవాళ్లు ముందుగా చూసుకునేది తమ గేర్ (పాత్రకి తొడిగే కవచాలు, ఆయుధాలు) ఇంకా పనికొస్తుందా లేదా అని. ఉద్యోగం, పరీక్షలు, ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నవాళ్లు ఏ ఎంఎంఓ (వేలమంది కలిసి ఆన్‌లైన్‌లో ఆడే ఆట) ఆడాలన్నది నా దృష్టిలో చాలావరకు ఇక్కడే తేలిపోతుంది. గ్రాఫిక్స్, కథ ఆ తర్వాతే. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్, ఫైనల్ ఫాంటసీ 14, గిల్డ్ వార్స్ 2 ఈ విషయంలో మూడు వేర్వేరు దారులు పట్టాయి.

వార్‌క్రాఫ్ట్ దారి 2007 జనవరిలోనే తెలిసిపోయింది. బర్నింగ్ క్రూసేడ్ అనే ఎక్స్‌పాన్షన్ (ఆటకి విడిగా కొనే అదనపు భాగం) వచ్చాక, 40 మంది కలిసి నెలల తరబడి రెయిడ్లు (పెద్ద గుంపుతో చేసే కష్టమైన పోరాటాలు) కొట్టి సంపాదించుకున్న పర్పుల్ (మేలు రకం) ఐటెమ్స్‌ని అవుట్‌ల్యాండ్ అనే కొత్త ప్రాంతంలో మామూలు క్వెస్టులకి దొరికే గ్రీన్ (కింది రకం) ఐటెమ్స్ మించిపోయాయి. నక్స్‌రామస్ రెయిడ్‌లో దొరికిన గేర్ ఉన్న కొద్దిమంది మాత్రం దాన్ని 70వ లెవెల్ దాకా లాక్కొచ్చారు. కొత్తగా వచ్చినవాళ్లకి అది వరమే. పాతవాళ్ల శ్రమ మాత్రం బూడిదలో పోసిన పన్నీరయింది. ఇప్పుడు ప్రతి సీజన్‌కీ (కొత్త గేర్ వచ్చే కొన్ని నెలల దఫా) చిన్న ఎత్తున అదే జరుగుతుంది.

అయినా ఈ ఆటలో ఒక మంచి ఏర్పాటు ఉంది. 2024లో వచ్చిన ద వార్ వితిన్ ఎక్స్‌పాన్షన్‌లో గేర్ అప్‌గ్రేడ్ చేసుకోవడానికి క్రెస్ట్‌లు (ఆడి సంపాదించే టోకెన్లు) కావాల్సి వచ్చేవి. ఒక్కో రకానికి వారానికి 90 చొప్పున పరిమితి పెరుగుతూ పోయేది. వాడుకోని పరిమితి మురిగిపోయేది కాదు. సీజన్ మొదలైన ఆరో వారంలో వచ్చినవాళ్లు ఆ ఆరు వారాల క్రెస్ట్‌లూ సంపాదించుకోగలిగేవారు. ఆలస్యంగా వచ్చినందుకు శిక్ష లేదు, కష్టపడితే అందుకోవచ్చు. క్యాచప్ (వెనకబడినవాళ్లు అందుకునే వీలు) అంటే ఇలాగే ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

చిక్కంతా ఆ తర్వాత వస్తుంది. గేర్ అందుకున్నా, మిథిక్ ప్లస్ (ఐదుగురు కలిసి ఆడే, కష్టం పెరుగుతూ పోయే డంజన్లు) గ్రూపు పెట్టేవాళ్లు ఐటెమ్ లెవెల్‌తో (గేర్ బలం చెప్పే అంకె) ఆగరు, మీ రేటింగ్ (ఇదివరకు ముగించిన డంజన్లకి వచ్చే స్కోరు) కూడా చూస్తారు. రేటింగ్ లేనిదే గ్రూపులోకి తీసుకోరు, గ్రూపులోకి వెళ్లనిదే రేటింగ్ రాదు. తెలిసిన గిల్డ్ (ఆటగాళ్ల సంఘం) ఉంటే గట్టెక్కుతారు. ఒంటరిగా వచ్చినవాళ్లకి మాత్రం రిజెక్ట్ మీద రిజెక్టే.

ఫైనల్ ఫాంటసీ 14లో లెక్క వేరు. 2024లో డాన్‌ట్రెయిల్ ఎక్స్‌పాన్షన్ వచ్చినప్పుడు కొత్త టోమ్‌స్టోన్లు (గేర్ కొనే టోకెన్లు) వారానికి 450 మించి దొరికేవి కావు. ఛాతీ కవచం ఒక్కటే 825. అంటే ఆ ఒక్క ముక్కకే రెండు వారాలు పట్టేది. పైగా పోయిన వారం పోయినట్టే, దాని వాటా తర్వాతి వారానికి కలవదు. మంగళవారం మన టైమ్ ప్రకారం మధ్యాహ్నం 1:30కి రీసెట్ అవుతుంది. ఆలోపు ఆ వారం వాటా నింపలేదంటే అంతే. ఈ ఒక్క విషయంలో వార్‌క్రాఫ్ట్‌దే పైచేయి.

కానీ ఇక్కడ వెనకబడినవాళ్లు ఎక్కువ కాలం వెనకబడి ఉండరు. తర్వాతి పెద్ద ప్యాచ్‌తో (అప్‌డేట్) కొత్త టోమ్‌స్టోన్లు రాగానే పాతవాటి మీద వారపు పరిమితి ఎత్తేస్తారు. క్రాఫ్టర్లు తయారుచేసే కొత్త గేర్ మార్కెట్ బోర్డులో దొరుకుతుంది. గిల్ (ఆటలోని డబ్బు) ఉంటే కొనుక్కుని కొత్త శావేజ్ (కఠిన స్థాయి) రెయిడ్‌కి వెళ్లిపోవచ్చు. ఒకే క్యారెక్టర్‌తో అన్ని జాబ్‌లూ (యోధుడు, వైద్యుడు లాంటి పాత్రలు) ఆడొచ్చు కాబట్టి ఆల్ట్‌ల (అదనపు క్యారెక్టర్ల) కోసం మళ్లీ మొదటినుంచి గ్రైండ్ చేసే బాధ లేదు. కొత్తగా చేయడానికేమీ లేనప్పుడు వేరే ఆటలు ఆడుకుని మళ్లీ రండి అని నిర్మాత నవోకీ యోషిదా బాహాటంగానే చెప్పారు. ఆట కూడా ఆ మాటకి తగ్గట్టే ఉంది. అసలు అడ్డంకి గేర్ కాదు, మెయిన్ స్టోరీ. కొత్తవాళ్లు 2013 నాటి కథ నుంచి వరసగా అంతా పూర్తిచేయాలి, లేదా డబ్బు కట్టి స్కిప్ కొనుక్కోవాలి. కథ ఇష్టమైతే అదే పండగ. స్నేహితులతో ఈ వారమే రెయిడ్ చేద్దామని చేరినవాళ్లకి మాత్రం నీరసం వచ్చేస్తుంది.

గిల్డ్ వార్స్ 2 అసలు ఈ పరుగే పెట్టలేదు. 2012 ఆగస్టులో లెవెల్ పరిమితి 80, ఈరోజుకీ 80. అదే ఏడాది నవంబరులో అసెండెడ్ అనే మేటి రకం గేర్ వచ్చింది, ఆ పైన మరో మెట్టు కట్టలేదు. లెజెండరీ అనే మరో రకం గేర్‌కీ అసెండెడ్‌కీ బలం సమానం. ఎప్పుడు కావాలంటే అప్పుడు స్టాట్స్ (బలం, రక్షణ లాంటి గుణాల అంకెలు) మార్చుకోగలగడమే లెజెండరీ ప్రత్యేకత. 2021 జులైలో లెజెండరీ ఆర్మరీ వచ్చాక ఒక్కసారి సంపాదిస్తే అకౌంట్‌లోని క్యారెక్టర్లన్నీ వాడుకోవచ్చు. 2013 డిసెంబరులో కుట్టుకున్న అసెండెడ్ కవచం ఇవాళ తొడుక్కున్నా అంకెలు తగ్గవు. స్టాట్స్ ఎంపిక మాత్రం ఇప్పటి బిల్డ్‌లకి (స్కిల్స్, గేర్ కూర్పులకి) సరిపడకపోవచ్చు.

లోటు లేకపోలేదు. వారం వారం అంకె పెరుగుతుంటే వచ్చే కిక్ ఇందులో ఉండదు. గ్లైడింగ్ (గాల్లో తేలడం), మౌంట్లు (సవారీ జంతువులు), ఎలీట్ స్పెషలైజేషన్లు (క్యారెక్టర్‌కి అదనపు పోరాట శైలులు) కావాలంటే ఎక్స్‌పాన్షన్లు కొనాలి. నెల నెలా సబ్‌స్క్రిప్షన్ లేదు కదా, ఆ ఖర్చు నాకు న్యాయంగానే కనిపిస్తుంది.

నెలల తరబడి ఆటకి దూరమయ్యేవాళ్లకి నా ఓటు గిల్డ్ వార్స్ 2కే. వారంలో రెండు మూడు సాయంత్రాలు ఖాయంగా దొరికి, కథ మీద ఓపిక ఉంటే ఫైనల్ ఫాంటసీ 14. వార్‌క్రాఫ్ట్ మాత్రం సీజన్ మొదటి వారం నుంచి గిల్డ్‌తో కలిసి ఆడగలిగితేనే. గిల్డ్ వార్స్ 2 మొదలుపెడితే ట్రేడింగ్ పోస్ట్‌లో (ఆటలోని సంత) ఎగ్జోటిక్ (అసెండెడ్‌కి కింది మెట్టు) సెట్ కొనేయండి. ఆ తర్వాత లారెల్స్‌తో (ఆటలోని మరో రకం టోకెన్లు) అసెండెడ్ ఉంగరాలు, హారాలు తెచ్చుకోండి. అసెండెడ్ కవచం తయారీకి క్రాఫ్టింగ్ నైపుణ్యం లెవెల్ 500 కావాలి కాబట్టి దాని తొందర ఇప్పుడే వద్దు.