నల్గొండల ఏజెంట్‌ను పెట్టుకొని ఇల్లు కొన్నం, 5కి మూడున్నర ఇస్త

ముందే చెప్తున్న, ఏజెంట్ పేరు రాయను, కామెంట్లల్ల అడగొద్దు. చాయ్ దుకాణం పక్కన చిన్న షట్టర్, ముందట ఫ్లెక్సీ, లోపల నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, నల్గొండల గల్లికొకటి ఉంటది గదా ఇసొంటి ఆఫీసు, అండ్ల ఒకటనుకోండి.

మేం క్లాక్ టవర్ కాడ పదేండ్లు కిరాయికి ఉన్నం. 2024 దసరా తర్వాత ఇగ కొనాల్సిందే అని ఇంట్ల పట్టు పట్టిన్రు. మొదాలు నేనే తిరిగిన, ఆదివారం ఆదివారం బండేసుకొని టులెట్ బోర్డుల లెక్క ఫర్ సేల్ బోర్డులు వెతుక్కుంట. నెలన్నరల రెండు ఇండ్లు చూసిన, రెండింట్ల ఓనర్లు ఫోన్ల ఒక రేటు చెప్పి ఇంటికి పోతే ఇంకో రేటు చెప్పిన్రు. అప్పుడు మా దోస్తు ఈయన నెంబర్ ఇచ్చిండు.

తిప్పుడు విషయంల మాత్రం ఒక్క మాట అనలేను. మూడు వారాలల్ల పదకొండు ఇండ్లు చూపించిండు, పానగల్ దిక్కు, దేవరకొండ రోడ్డు దిక్కు, రామగిరి కాడ, నడుముకు తాళంచెవుల గుత్తి, ఏ ఇంటికి ఏది అనేది చూడకుండనే తీస్తడు. మా ఆవిడకు వీధిపోటు అంటే భయం అని ఒక్కసారి అన్న, మళ్ల అసొంటి ఇల్లు చూపియ్యలే. చెరువు దిక్కు ఒకటి మస్తు చీప్‌ల వస్తుంటే నేనే ఆశపడ్డ, "సార్ అది వద్దు, రేపు ఎఫ్‌టీఎల్, అంటే చెరువు నిండితే నీళ్లొచ్చే జాగ అంటే నా మీదికొస్తరు" అని ఆయనే ఆపిండు. గా మాటకు అర పాయింట్ ఎక్కువేసిన.

నచ్చిన ఇల్లు తూర్పు ఫేసింగ్, 30 బై 60, రెండు వందల గజాలు, డబుల్ బెడ్రూం, సంపు, బోరు. 66 లక్షలు చెప్పిన్రు, మాట్లాడి మాట్లాడి 63న్నరకు తెచ్చిండు. బోరు ఆన్ చేస్తే ధార గోడకు కొట్టింది, ఆయన మీసం తిప్పుకుంట "చూడున్రి సార్" అన్నడు. మా అమ్మ ధార దిక్కే చూడలే. అమ్మ పుట్టిల్లు మర్రిగూడ దిక్కు, నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎక్కువైతే పండ్లు ఎట్ల మచ్చలు పడ్తయో ఆమెకు ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు. పక్కింటి పిల్లగాడు గేటు పట్టుకొని చూస్తుంటే దగ్గరికి పిలిచి "ఏదీ, ఒకసారి నవ్వు బిడ్డా" అన్నది. వాడు నవ్విండు. పండ్లు తెల్లగనే ఉన్నయి. అప్పుడు వాళ్లమ్మను అడిగితే బోరు నీళ్లు బట్టలకు బాసండ్లకే, తాగేది భగీరథ నల్లా నీళ్లు అని చెప్పింది. నేను సీసాల బోరు నీళ్లు పట్టి టెస్టుకు ఇస్తే ఫ్లోరైడ్ లీటరుకు 2.3 మిల్లీగ్రాములు వచ్చింది, 1.5 దాటొద్దు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతట నల్గొండ టెక్నిక్ అని మన ఊరి పేరే ఉన్నది, మన ఊళ్లె ఇల్లు అమ్మే ఏజెంట్‌కు మాత్రం నీళ్లు అంటే ధార ఒక్కటే.

తర్వాత కొలత. నాకేందో డౌటొచ్చి మా చిన్నాయన కొడుకు మేస్త్రీ పని చేస్తడు, వాణ్ని టేపు పట్టుకొని రమ్మన్న. ముందట 30 సరిపోయింది, లోపలికి 58 కాడ గోడ తగిలింది. 193 గజాలే. ఏజెంట్ "ఇల్లు కొంటున్నరు గదా సార్, ప్లాటు కాదు గదా" అన్నడు. ఏడు గజాలు ఏడికి పోయినయి మరి? వెనక ఇంటాయన కాంపౌండ్ లోపల ఉన్నయి. ఒక రోజు మాటలు బంద్, తర్వాత ఓనర్ దగ్గరికి ఆయనే పోయి లక్షన్నర తగ్గించుకొచ్చిండు, 62కు బయానా ఇచ్చినం. డాక్యుమెంట్ల కూడ 193 అనే రాయించుకున్న.

కాగితాల సంగతికొస్తే ఇది ఆయన పని కాదు అనే అనుకోవాలె. నాకు ఇచ్చిన ఈసీ, అంటే ఇంటి మీద అమ్మకాలు, తాకట్లు ఏమున్నయో చూపే సర్టిఫికెట్, 2020 నుంచి ఉంది, క్లీన్. నేను ఇంకా వెనక్కి పోయి తీసిన, కంప్యూటర్ల 1983 నుంచి దొరుకుతది గదా. అండ్ల 2012ల బ్యాంకుకు మార్ట్‌గేజ్ కనిపించింది, లోన్ ఎప్పుడో కట్టేసిన్రట, తాకట్టు విడిపించినట్టు రిలీజ్ డీడ్ మాత్రం రిజిస్టర్ చేయించుకోలే. అది చేయించేసరికి ఇరవై రోజులు పోయినయి, మా బ్యాంకు వకీలు అది లేకుంటే లోన్ రాదు అని తేల్చి చెప్పిండు. ఇంకోటి, రెరా, అంటే వెంచర్లు, ఏజెంట్ల మీద నిఘా పెట్టే సర్కారు సంస్థ, దాని నెంబర్ ఉందా అని అడిగితే నవ్విండు, "పాతింటికి రెరా ఏంది సార్". ఆయనన్నది నిజమే, 2016 చట్టం ప్రకారం ఏజెంట్ రిజిస్టర్ కావాల్సింది రెరాల రిజిస్టరైన వెంచర్లు, అపార్ట్‌మెంట్లు అమ్మితేనే. అంటే ఇసొంటి దాంట్ల మోసపోతే రెరాకు పోతా అనుకునుడు కుదరదు.

రిజిస్ట్రేషన్ ముందు నాకు ఒక సలహా ఇచ్చిండు, డాక్యుమెంట్ల 45 లక్షలకే రాద్దాం, మిగిలింది చేతిల పెడ్దాం, లక్షా పాతికవేలు మిగులుతయి అని. స్టాంపు డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ 0.5, కలిపి 7.5 శాతం, 62కు 4 లక్షల 65 వేలు. మనసు గుంజింది, అబద్ధం ఎందుకు, కానీ బ్యాంకు లోన్ తగ్గుతది, రేపు అమ్మేటప్పుడు ట్యాక్స్ నా నెత్తిన పడ్తది, పైగా తప్పు పని. వద్దన్న.

అసలు లొల్లి టీడీఎస్ కాడ అయింది. యాభై లక్షలు, ఆ పైన అయితే కొనేటోడే ఓనర్‌కు ఇచ్చే పైసలల్ల 1 శాతం పట్టుకొని గవర్నమెంటుకు కట్టాలె, అప్పుడు దానికి 26క్యూబీ అని ఫారం ఉండె, ఈ ముచ్చట బ్యాంకోళ్లు చెప్పిన్రు తప్ప ఏజెంట్ చెప్పలే. నేను 62 వేలు పట్టుకున్న. ఏజెంట్ కమీషన్ కూడ మాట ప్రకారం 1 శాతం, అది కూడ 62 వేలే. ఓనర్ రిటైరైన పెద్దమనిషి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీస్ ముందట వేపచెట్టు కింద నిలబడి "నీ దలాలీ నా పైసలల్ల కోస్తున్నవా" అని గట్టిగనే అరిచిండు, అందరు చూస్తున్రు, స్లాట్ ఇంకా పావుగంటల ఉంది. నేను పాన్ కార్డు, రిఫండ్ అని ఎంత చెప్పినా వింటలేడు. ఏజెంట్ ఆయన భుజం మీద చెయ్యేసి పక్కకు తీస్కపోయి చాయ్ తాగిపిచ్చి, తెల్సిన ఆడిటర్‌కు ఫోన్ కలిపి మాట్లాడిపిచ్చిండు. పెద్దమనిషి వచ్చి "ముందే చెప్పొద్దా బాబూ" అని వేలిముద్ర వేసిండు. గా పావుగంటకు మాత్రం కమీషన్ ఇచ్చినా నాకు బాధ అనిపించలే. ఆ ఓనర్ దగ్గర కూడ ఏజెంట్ 1 శాతం తీసుకున్నడని తర్వాత తెల్సింది, అది వేరే ముచ్చట.

కమీషన్ చేతిల పడ్డంక ఫోన్ ఎత్తుడు తగ్గింది. తాళం తీసి చూస్తే బోరు మోటరు లేదు, స్టార్టర్ డబ్బా కాడ వైర్లు వేలాడుతున్నయి. మోటరు ఇంటితోనే అని నోటిమాట, కాగితం మీద రాసుకోలే, నాదే తప్పు. నాలుగు రోజులకు ఎత్తి "అడుగుత సార్" అన్నడు, ఇంకా అడుగుతనే ఉన్నడు. కొత్తది నేనే వేయించిన.

మొన్న మా బావమరిది మిర్యాలగూడ రోడ్డు దిక్కు ఇల్లు చూస్తున్న బావా, ఎవరన్న ఉన్నరా అని అడిగిండు. నెంబర్ ఇచ్చిన. టేపు కూడ ఇచ్చిన.