అహోబిలం: మేం వేసుకున్న ప్లాను, స్వామి నడిపించిన దారి

నల్లమలలో నవనారసింహుల దర్శనం రెండు రోజుల్లో ముగించాలని గంటల లెక్కన ప్లాను వేసింది నేనే. నా మనసంతా ఉగ్రస్తంభం మీదే, నరసింహస్వామి చీల్చుకుని వచ్చాడని చెప్పే కొండ శిఖరం అది. మోకాళ్ల నొప్పులున్న అమ్మని గదిలో ఉంచి, నేనూ తమ్ముడూ ఎక్కి రావాలనుకున్నాం. "స్వామి ఎంతవరకు రానిస్తే అంతవరకే నాన్నా" అంది అమ్మ. నేను వినిపించుకోలేదు.

ఆళ్లగడ్డ దాకా ప్రయాణం హాయిగా సాగింది. దిగువ అహోబిలంలో, సాయంత్రం ఆరున్నరకి మొదలైంది అసలు కథ. 1,500 అడ్వాన్సు పంపి ఖాయం చేసుకున్న ఏసీ గదిని పెళ్లివాళ్లకి ఇచ్చేశారట! డబ్బు పంపినట్టు ఫోన్లో చూపించినా కౌంటర్లో కుర్రాడు తలెత్తలేదు. "ఓనరు గారు రేపొస్తారు, ఆయన్నే అడగండి" అన్నాడు. ఒళ్లు మండిపోయి గట్టిగా అరిచాను. ఆ డబ్బు ఇప్పటికీ రాలేదు. గది నంబరు రాసిన రసీదు చూడకుండా ఎవరికీ అడ్వాన్సు పంపకండి.

అమ్మ సంచి భుజానికి తగిలించుకుని, "ఇక్కడ మనకి రాసిపెట్టి లేదు, పద" అంది. ఆటోకి 400 ఇచ్చి ఎనిమిది కిలోమీటర్ల దూరంలోని ఎగువ అహోబిలానికి వెళ్లాం. సత్రంలో 600కే గది దొరికింది. ఒక ఫ్యాను, ఒక బకెట్టు, మూడు చాపలు. రాత్రంతా వాన, భవనాశిని ఏటి హోరు. తెల్లారగానే నాలుగడుగుల్లో గుడి, రద్దీ లేకుండా గుహలో స్వామి దర్శనం. మీరు వెళ్తే ఎగువలోనే దిగండి.

గైడుకి 800 మాట్లాడుకున్నాం. వానకి రాళ్లు జారుతున్నాయని ఉగ్రస్తంభానికి ససేమిరా రానన్నాడు, మాలోల నరసింహుడి గుడికైతే తీసుకెళ్తానన్నాడు. తమ్ముడు ముఖం మాడ్చుకున్నాడు. నాకూ ఏడుపొచ్చినంత పనైంది. వెనక్కి తిరిగి చూస్తే అమ్మ 20 రూపాయలకి కర్ర అద్దెకి తీసుకుని నిలబడి ఉంది. "అక్కడికైతే నేనూ వస్తా."

రెండు కిలోమీటర్లకి రెండు గంటలు పైనే పట్టింది. ప్రతి మెట్టు మీదా ముందు కర్ర ఆనించేది, తర్వాత కుడికాలు, ఆ తర్వాత ఎడమకాలు. ఒక్కసారి కూడా చాల్లే అనలేదు.

'మా' అంటే లక్ష్మి. ఆమె మీద మనసుపడ్డవాడు మాలోలుడు. హిరణ్యకశిపుణ్ణి చీల్చిన స్వామేనా అనిపించేంత శాంతంగా, అమ్మవారిని ఒడిలో కూర్చోబెట్టుకుని ఉన్నాడు. హారతి కళ్లకద్దుకుని అమ్మ గడప పక్కనే కూర్చుండిపోయింది.

"పెళ్లైన కొత్తలో నేనూ మీ నాన్నా ఇక్కడిదాకా ఎక్కాం. తలుపులు మూసేశారు. మళ్లీ వద్దామన్నారు మీ నాన్న."

నాన్న పోయి మూడేళ్లు. ఈ మాట మాకెప్పుడూ చెప్పలేదేమని అడిగాను.

"మీరేమో ఉగ్రస్తంభం అంటున్నారు. అందుకే స్వామికి చెప్పుకున్నా" అంది.

దిగేటప్పుడు తమ్ముడు అమ్మ చెయ్యి వదల్లేదు.